మూడో కాలు

గోడకి బిగించేది కావాలంటే
నా పాత కారు ధరలో పదోవంతు అడిగాడు డాబాగార్డెన్స్ షాపువాడు.
గోడ మాది కాదు అన్నాను.
కింద అరలోంచి ఇటుకంత పెట్టె తీశాడు.
అయిదు మీటర్ల తోక, ఇటు చివర మూడు కాళ్లు.
"ఎక్కడికైనా పట్టుకుపోవచ్చండి, ఇల్లు మారినా."
ఆ చివరి మాటకే కొన్నాను.

జ్ఞానాపురంలో మాది కింది వాటా.
వంటింటి కిటికీ చువ్వల్లోంచి తీగ దించితే
సందులో నిలబెట్టిన కారు మూతి దాకా
జానెడు తగ్గింది.
కారు వెనక్కి తిప్పి పెట్టాను. అందింది.

ఎర్ర దీపం.
మూడుసార్లు మినుకుమని, ఆగి,
మళ్లీ మూడుసార్లు.
పక్కవాటా జెస్సీ, ఆరేళ్లది, లెక్కపెట్టి చెప్పింది:
"ఆంటీ, దానికి మూడు దాకానే వచ్చు, నాలుగు రాదు."
కాగితంలో చీమ అక్షరాలు వెతికాను.
మూడుసార్లంటే ఎర్త్ లేదని.

ఎనిమిదింటికి పెద్దాసుపత్రి నర్సులు నలుగురు డ్యూటీ దిగుతారు.
కారులో ఉన్నది పద్దెనిమిది శాతం.
ఏసీ ఆపి, అద్దాలు దించి,
హార్బరు వాసన పీల్చుకుంటూ గాజువాక వెళ్లొచ్చాం.
నర్సులు నిద్రపోయారు.
నేను మాత్రం అంకెనే చూస్తూ నడిపాను.

మర్నాడు సైకిలు మీద దేముడొచ్చాడు.
మా పేటలో ఆ పేరున్న ఎలక్ట్రీషియను ఒక్కడే,
మొక్కితే రాడు, మిస్డ్ కాల్ ఇస్తే వస్తాడు.
బల్బు తీగలు బోర్డులో గుచ్చి చూశాడు.
"ఫేజుంది. న్యూట్రలుంది. భూవే నేదమ్మా."
బోర్డు విప్పితే
ఆకుపచ్చ తీగ మడిచి, చుట్టి,
దారంతో కట్టి గోడలోకి తోసేసి ఉంది,
తర్వాత చదువుదామని దాచిన ఉత్తరంలా.

మెట్ల మీంచి ఇంటావిడ అచ్చియ్యమ్మ గారు:
"ముప్పయ్యేళ్లు మిక్సీ తిరగనేదేటి? ఫ్రిజ్జు ఆడనేదేటి?"
ఆడింది.
చెప్పులేసుకుని తలుపు తీసేవాళ్లం.
ఫ్రిజ్జుకీ చెప్పులకీ సంబంధమేమిటో
ఈ ఇంటి పిల్లలకి ఎవరూ నేర్పలేదు, వచ్చేసింది.

గొయ్యికి ఆవిణ్ణి ఒప్పించడం వేరే కథ.
ఖర్చు నాది, కూలి నాది,
ఖాళీ చేసేటప్పుడు గొయ్యి మీద హక్కు అడగకూడదు.
సరే అన్నాను. గొయ్యి ఎలా పట్టుకుపోతాను?

కుళాయి పక్కన మనిషిలోతు.
దేముడు చీటీ రాశాడు:
పైపు ఒకటి, రాళ్లుప్పు పాతిక కిలోలు, బొగ్గులు అరబస్తా.
నాకు నవ్వొచ్చింది.
ఈ ఊళ్లో ఆ రెండూ డబ్బిచ్చి కొనడమా?
సముద్రం మీంచి వచ్చి
కిటికీ చువ్వల్ని కొరుక్కుతిన్నది ఉప్పే కదా.
పోర్టు గుట్టల మీంచి లేచి
ఆరేసిన దుప్పట్ల మీద, వడియాల మీద,
తెల్లారి జెస్సీ చీదిన రుమాల్లో
నల్లగా కనిపించేది బొగ్గే కదా.
"ఆ బొగ్గు పనికిరాదు,"
గోతిలోంచి తలెత్తకుండానే అన్నాడు దేముడు,
"కట్టెబొగ్గు కావాల."

పొర ఉప్పు, పొర బొగ్గు, మళ్లీ ఉప్పు.
బిందెడు నీళ్లు.
నేల గుటకేసిన చప్పుడు.

పచ్చ దీపం.
మినుకుమనలేదు, అలాగే ఉండిపోయింది.
జెస్సీ కాసేపు చూసి
లెక్కపెట్టడానికి ఏమీ లేదని వెళ్లిపోయింది.

ఇప్పుడు సబ్‌మీటరు అంకెలు
క్యాలెండరు మీద పెన్సిలుతో రాస్తున్నాను.
అచ్చియ్యమ్మ గారు పొద్దున్నే
బియ్యం కడిగిన నీళ్లు గొయ్యిలో పోస్తారు,
కరివేపాకు మొక్కకి పోసినట్టు.
"రాత్రి తాగిందేటి నీ కారు?" అని అడుగుతారు.
తాగిందంటాను.

నిన్న రాత్రి రెండింటికి దాహమై లేచాను.
కిటికీ దగ్గర పెట్టె గోరువెచ్చగా ఉంది.
ఫ్రిజ్జు తలుపు తీసి
సీసా సగం తాగేశాక
కిందకి చూసుకున్నాను.
ఉత్త కాళ్లు.