వంతుల పుస్తకం

బ్యాంకు మేనేజరు బదిలీ మీద పోతూ
లారీలో పట్టక వదిలేసిన బట్టల మిషను,
మెట్ల కింద, మీటరు బోర్డు పక్కన.
ఎనిమిది ఇళ్ళకీ ఒక్కటే.
చీటీలేస్తే నా పేరొచ్చింది.
అప్పట్నుంచీ తాళంచెవి నా కొంగున,
పుస్తకం మిషను నెత్తిన,
పెన్నుకి పురికోస, పురికోసకి మేకు.
అయినా పెన్ను పోతూనే ఉంటుంది.
పురికోస ఉంటుంది.

సోమవారం పైవాళ్ళు, మంగళవారం మేము.
ట్రిప్పుకి పదిహేను, హార్లిక్స్ సీసాలో.
గోనెలు వద్దు, కాళ్ళపట్టాలు వద్దు,
జేబులు చూసుకుని వెయ్యండి బాబూ అని
మా మరిది చేత రాయించి అంటించాను.
మర్నాడే బంగార్రాజు గారి చొక్కా జేబులో
గుప్పెడు రొయ్యల మేత.
అది డ్రమ్మంతా కరిగి, ఆ తర్వాత వేసిన
మూడో నంబరు పిల్లల యూనిఫాంలు
వారం రోజులు చెరువుగట్టు కంపు కొట్టాయి.
నలభై ఎకరాల చెరువు ఆయనది.
అందరం నవ్వేశాం.

ఏప్రిల్ నెలాఖరుకి కాలవ కట్టేశారు.
భీమవరం చుట్టూ ఉప్పు చెరువులు, కింద ఉప్పు బోరు.
ఎంత సబ్బు పోసినా నురగ పుట్టదు,
తెల్లచొక్కా రెండు ఉతుకులకే పాత పేపరవుతుంది.
మునిసిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు, ముప్పావుగంట.
ఆ ముప్పావుగంట ఎవరిది?
అక్కడే తెగాయి
అరిటికాయ బజ్జీలు ఇచ్చిపుచ్చుకున్న స్నేహాలు.

ఆ ఎండల్లోనే దిగింది సువార్త,
కింద చివరి గదిలోకి.
రొయ్యల షెడ్డులో రాత్రి డ్యూటీ.
రెండు వారాలు ఎవరూ ఏమీ అనలేదు.
మూడోవారం సత్యవాణి ముక్కుకి కొంగడ్డం పెట్టుకుని,
"ఆ నీచు మా బట్టలకి పడుతోందండీ."

డాబా మీద మీటింగు.
తీగల కింద, నెత్తికి తగిలే తడి లుంగీల మధ్య
ప్లాస్టిక్ కుర్చీలు.
బంగార్రాజు గారే పెద్ద.
ఆ అమ్మాయిని పెరట్లో చేత్తో ఉతుక్కోమందాం అన్నారు,
మెత్తగానే అన్నారు.
రాసుకోమ్మా, అన్నారు నాతో.
పుస్తకం నా ఒళ్ళో ఉంది.
పురికోస వేలాడుతోంది.
పెన్ను తెస్తానని కిందికి దిగాను.
వెతకలేదు. వంటింట్లోకెళ్ళి
పప్పు ఉడికిందో లేదో చూసుకుంటూ నిలబడ్డాను,
పైన కుర్చీలు లాగిన చప్పుడు అయ్యేదాకా.

మర్నాడు తెల్లారుజామున తలుపు తట్టింది, తాళంచెవికి.
పైన ఏమనుకున్నారో తెలిసినట్టే ఉంది,
ఎలా తెలిసిందో అడగలేదు.
అరచెయ్యి చాపింది.
రాత్రంతా ఐసులో రొయ్య ఒలిచిన చెయ్యి,
వేళ్ళ కొసలు నానిపోయి తెల్లగా,
గోరు పక్కన రెండుచోట్ల చర్మం లేచి.
"సబ్బు తగిల్తే మంటక్కా" అంది, అంతే.
తాళంచెవి ఇచ్చాను.

ఎవరూ కోరని వంతు రాసుకుంది:
ఆదివారం, నాలుగున్నర, బోరు నీళ్ళు చాలు.
పుస్తకం మొత్తానికీ గుండ్రటి అక్షరాలు ఆమెవే.
ఎండెక్కేసరికి తీగ మీద
ఇరవై చేతితొడుగులు, వేళ్ళు కిందికి.
దక్షిణం గాలి మళ్ళితే అవి ఊగుతాయి,
వాటి పక్కనుంచి తలొంచుకుని వెళ్ళి
బంగార్రాజు గారు తన చొక్కా తీసుకున్నారు.

జూన్‌లో కాలవకి నీళ్ళొదిలారు.
నురగొచ్చింది, బజ్జీలూ వచ్చాయి.
మీటింగు మాట ఎవరూ ఎత్తలేదు.
నేనూ గుర్తు చెయ్యలేదు.

పురికోస కొసన ఇప్పుడు నీలం పెన్నుంది.
ఆమె కట్టింది, రెండు ముళ్ళేసి.
ముక్కు దగ్గర పెట్టుకు చూశాను, ఒప్పుకుంటాను.
ఏమీ లేదు.
చుట్టూ ఎవరైనా చూశారేమోనని చూసి,
రాశాను:
మంగళవారం. మొదటి ట్రిప్పు. మేము.