ప్లోవ్‌దివ్ వెళ్లేముందు, కెజియాకి

ముందు ఆ ఎత్తుమడమల చెప్పులు పెట్టెలోంచి తీసెయ్.
పాతూరి వీధుల్లో పరిచినవి గుండ్రాళ్లు,
వానపడితే చేపవీపులు.
అడుగు మెత్తగా ఉన్న బూట్లు కొనుక్కో,
కొన్నాక చుట్టుగుంట నుంచి లాడ్జి సెంటరు దాకా
నాలుగు రోజులు నడిచి సాగదియ్.
కొత్త బూటు కొత్తల్లుడు,
సరిగ్గా పరాయి ఊళ్లోనే అలుగుతుంది.

బోర్డులు చూసి బెదరకు.
పీ లా ఉన్నది ర, హెచ్ లా ఉన్నది న, బీ అయితే వ.
కూడబలుక్కుంటే గంటలో హోటలు పేరొస్తుంది,
ఈలోపు ఆకలీ వస్తుంది.

డబ్బు నా రోజుల్లో లేవాలు. ఇప్పుడు మారిందంటున్నారు,
బ్యాంకులో సుభానీని అడుగు, నన్నడక్కు.
నేను వెళ్లింది ఎనభై ఏడులో,
ఒంటిమీద దానియేలు గారి కోటు,
సూట్‌కేసులో కంపెనీవారి పొగాకు కట్టలు.

ఊరికి ఏడు కొండలంటారు. లెక్కపెట్టాను, ఆరే.
ఒకదాన్ని ఎప్పుడో రాయి కోసం కొట్టేశారట.
ఈ సంగతి పేరేచర్ల క్వారీవాళ్ల చెవిన వెయ్యకు.

పాత మేడల పై అంతస్తులు వీధి మీదికి ఒరిగి
ఎదురింటికి కూరగిన్నె అందించేలా ఉంటాయి,
మన లాలాపేట సందుల్లోలా.
నిలబడి చూడు, తర్వాత నడు.
నా మోకాలి మీద మచ్చ అక్కడిదే.

పెరుగు మన పెరుగుకి అన్న. మొహమాటపడకు.
సెప్టెంబరు కదా,
ఇంటింటా ఎర్ర మిరపకాయలు కాలుస్తుంటారు.
తుమ్ము రాదు. దగ్గు రాదు.
మిర్చియార్డు గాలి పీల్చి పెరిగిన ముక్కు నాది,
ఘాటు లేని ఆ ఎరుపు వాసనకి
నడివీధిలో కళ్లు చెమర్చాయి.
కారప్పొడి ఒక పొట్లం దాచుకో.

ఇక అసలుది. తల.
అక్కడ అడ్డంగా ఊపితే అవును,
నిలువుగా ఆడిస్తే కాదు.
నాకెవరూ చెప్పలేదు.
గోదాములో డిమితర్ అనే పెద్దాయన
మన ఆకుని వెలుతురుకి పట్టి, నలిపి, వాసన చూశాడు.
బాగుందా అన్నాను. అడ్డంగా ఊపాడు.
గుంటూరుకి టెలిగ్రాం ఏమని ఇవ్వాలో తెలీక
ఆ రాత్రి రొట్టె ముట్టకుండా
కోటుతోనే పడుకున్నాను.
మూడోరోజుకి గానీ తెలియలేదు, మెచ్చుకున్నాడని.

పంతొమ్మిది రోజుల్లో నా మెడ వాళ్ల మెడ అయిపోయింది.
ఇల్లు చేరిన రాత్రి మీ పెద్దమ్మ అడిగింది,
అక్కడ నేను గుర్తొచ్చానా?
అడ్డంగా ఊపాను.
గోడవైపు తిరిగి పడుకుంది.
ఎంత చెప్పినా నమ్మలేదు,
నమ్మాక వదల్లేదు.
ముప్పయ్యేళ్లు, ఉప్పు సరిపోయిందా అంటే,
గ్యాసు కట్టేశావా అంటే,
మేమిద్దరం ఏ దేశపు తల ఊపుతున్నామో
పక్కింటివాళ్లకి అంతుపట్టేది కాదు.

పెద్దాసుపత్రిలో చివరిరోజు
నొప్పిగా ఉందా సలోమీ, అన్నాను.
అడ్డంగా ఊపింది.
అది ఏ ఊరి తలో
అడిగేలోపు డాక్టరు లోపలికొచ్చాడు.

అందుకని తలూపకు, కెజియా.
దా అంటే అవును, నె అంటే కాదు,
రెండు ముక్కలు, అంతే.
గొడుగు పెట్టుకున్నావా?

నోటితో చెప్పమన్నానా.