నీరు పట్టిన చెయ్యి

తిబిలిసి మెట్రోలో
ఎస్కలేటరు అడుగున నా గాజు గది.
దిగేవాళ్ళ బూట్లు ముందు కనిపిస్తాయి,
మొహాలు తర్వాత.
పందొమ్మిదేళ్ళుగా ఇదే.
ఒక ఎర్ర మీట, ఒక మైకు,
పరిగెత్తే పిల్లల్ని గదమడానికి ఒక గొంతు.

మరుగుదొడ్డి మాత్రం పైన.
పైకి వెళ్ళాలంటే నా కుర్చీలో ఎవరో కూర్చోవాలి.
ఎవరూ రారు.
అందుకని నీళ్ళు మానేశాను.
పొద్దున ఒక టీ, రాత్రి ఇంటికెళ్ళాక ఒక టీ.
పెదవులు పగిలితే వెన్న రాసుకునేదాన్ని.

పోయినేడు చలికాలం ఎడమ రొమ్ము తీసేశారు.
చంకలోంచి పద్నాలుగు గ్రంథులు తీశామన్నారు,
లోబియో వండే ముందు
చిక్కుడు గింజలు ఏరినట్టు లెక్కపెట్టి మరీ.
మంచు కరిగేసరికి చెయ్యి ఉబ్బింది.
గడియారం పట్టీకి ఒక కన్నం వదిలాను,
ఇంకొకటి వదిలాను,
ఆ తర్వాత కన్నాలు లేవు.

మా అక్క నజీబ్రోలా వేలితో నొక్కి చూసింది.
సొట్ట పడి, లేవడానికి చాలాసేపు పట్టింది.
"నీరు పట్టిందే లామారా,
నీళ్ళు తగ్గించు."
నిజమే కదా అనిపించింది.
మునిగే పడవలో ఎవరైనా నీళ్ళు పోస్తారా?
ఉన్న రెండు టీలూ ఒకటి చేశాను.

ఈ మాట చెప్తే ఖతూనా నవ్వలేదు.
జల్లెడలో పిండి మీద అరచెయ్యి ఆడించినట్టు
అంత తేలిగ్గా నా మెడ దగ్గర నిమురుతూ చెప్పింది:
"నెత్తురిని తొయ్యడానికి గుండె ఉంది.
లింఫుకి అంత భాగ్యం లేదు.
తన గోడల్ని తనే కాస్త పిండుకుంటుంది,
నువ్వు ఊపిరి తీస్తే కొంచెం,
పిడికిలి మూసి తెరిస్తే కొంచెం,
అలా దేకుతూ ఎక్కుతుంది.
వెనక్కి జారకుండా దారంతా బుల్లి తలుపులు.

నీ చేతిలో ఉన్నవి నువ్వు తాగిన నీళ్ళు కావు.
దారి తెగి నిలిచిపోయినవి.
తాగడం మానేస్తే వాపు తగ్గదు,
నువ్వు ఎండుతావు, అంతే.
తాగితే వాపు మాయమవుతుందనీ అనను.
అది ఈ బిగుతు తొడుగు పని, వ్యాయామం పని, నీ ఓపిక పని.
నీళ్ళు నీకు."

ఇంత తక్కువ ఆశ పెట్టే మాట
ఏ గోడ మీదా రాయరు.
అందుకే నమ్మాను.

ఇప్పుడు దిగేముందు
వీధి మూలన ఇనప కొళాయి దగ్గర వంగి
పళ్ళు జివ్వుమనేదాకా తాగుతాను.
పాత తర్హూన్ సీసా నింపుకుంటాను.
ఆ పచ్చగాజులో నీళ్ళు కూడా ఏదో మందులా కనిపిస్తాయి.
గంటలు లెక్కపెట్టడం నాకు చేతకాదు.
వయొలిన్ పెట్టె కుర్రాడు దిగితే ఒక గుక్క.
పూలమ్మే ఇజోల్దా బకెట్టుతో దిగితే రెండు,
దాని నోటి దురుసుకి ఒకటి చాలదు.

స్టేషను పెద్దకి కాగితం రాశాను:
నాకు నీళ్ళు తాగాలని ఉంది,
కనుక పైకి వెళ్ళాలని ఉంది.
ఆయన చెవులు ఎర్రబడ్డాయి.
రోజుకి మూడుసార్లు బేసోని పంపిస్తానన్నాడు.
బేసో వస్తాడు,
వచ్చినప్పుడు.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది.
పందొమ్మిదేళ్ళ గరగర ఆగితే
చెవుల్లో దూది పెట్టినట్టుంది.
మెట్లమీద జనమంతా బొమ్మల్లా నిలబడి
నావైపు చూశారు.
మైకు కూడా చచ్చింది.
గొంతెత్తి అరిచాను:
నడవండి. తోసేవాళ్ళు ఎవరూ లేరు.

కదిలారు.
ఒక మోకాలు, ఒక సంచి, ఒక దగ్గు,
కమ్మీ పట్టుకుని ఆగి మళ్ళీ ఒక మోకాలు.
చూస్తూ చూస్తూ
ఎప్పుడు మొదలుపెట్టానో,
నా ఎడమ పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉన్నాను.

అరగంటకి బేసో రొప్పుతూ దిగాడు.
సీసా ఎప్పుడో ఖాళీ.
పైన దొడ్డి, మధ్యలో మూడొందల మెట్లు,
నా కడుపులో పొద్దుటి కొళాయి మొత్తం.

కమ్మీ పట్టుకున్నాను,
ఎడమ చేత్తోనే.
వెనకనించి ఇజోల్దా అరిచింది:
జరుగమ్మా, త్వరగా!
జరుగుతున్నానే తల్లీ,
జరుగుతున్నాను.