లేపకుండా లెక్క

ముసఫాలో రాత్రి పదకొండు.
ఏసీ పెట్టె కింద బకెట్, బకెట్‌లో చుక్క,
చుక్కకూ చుక్కకూ మధ్య నా ప్రోగ్రాం
ఇంకా నడుస్తూనే ఉంది.

ఆరు లక్షల పన్నెండు వేల ఫైళ్లు.
పాస్‌పోర్టు నకళ్లు, వీసా పేజీలు,
సిమెంటు తినేసి వేలిముద్రలు పడని చేతుల ఫొటోలు,
ఫోల్డర్‌లో ఫోల్డర్, దానిలో మరొకటి.
"చెట్టంటారు దీన్ని" అని లస్మన్నకు చూపించాను.
"వేరు పైన ఉంటుంది, ఆకులు కింద."
లుంగీ బిగించుకుంటూ తెర మీదికి వంగి
"ఈడి ఎండకు ఏ చెట్టైనా గట్లనే తలకిందులైతది" అన్నాడు.
పడుకున్నాడు.

చెట్టంతా తిరగడానికి పదకొండు నిమిషాలు.
ఎందుకో తెలిసింది కోడ్ చదివి కాదు.

క్యాంపు బాస్ తలలు లెక్కపెట్టిన రాత్రి తెలిసింది.
టార్చి పట్టుకుని వచ్చాడు. ప్రతి తలుపు మీదా
అట్టముక్క: ఎనిమిది మంచాలు, ఎనిమిది పేర్లు,
ఎవరు నైట్ డ్యూటీ, ఎవరు సెలవు మీద ఊరికి,
అంతా రాసే ఉంది.
అది చదివాడు కూడా. చదివి,
ఒక్కొక్కరి దుప్పటీ లాగి
"తూ కౌన్?" అన్నాడు.
తెల్లారగట్ల నాలుగుకు బస్సెక్కాల్సినవాళ్లు
కళ్లు నలుపుకుంటూ పేరు చెప్పి, నంబరు చెప్పి,
ఇక నిద్రపట్టక
మెట్ల మీద కూర్చుని సిగరెట్లు కాల్చారు.

నా భాషలోని పాత ఫంక్షనూ అదే చేస్తోంది.
తలుపు మీది రాత చదివి, పక్కనపెట్టి,
ప్రతిదాన్నీ తట్టి లేపి
"నువ్వు ఫైలువా, ఫోల్డర్‌వా?" అంటోంది.
ఆరు లక్షల పన్నెండు వేల సార్లు.

కొత్తది రాశాను. నలభై ఏడు లైన్లు.
అట్టముక్కను నమ్ము, పడుకున్నవాణ్ని పడుకోనీ.
దానిలో ఉన్న తెలివంతా ఇంతే.
పదకొండు నిమిషాలు
యాభై రెండు సెకన్లయ్యాయి.
బకెట్‌లో తొమ్మిది చుక్కలు పడ్డాయి, లెక్కపెట్టాను.

ప్రతిపాదన రాయడమే కష్టమైంది.
టైమ్‌కీపర్ ఇంగ్లిషు నాది.
ఆబ్సెంట్, లేట్, ఓటీ, కటింగ్:
ఈ నాలుగు మాటలతో
ఇంతవరకు ఎవరినీ ఏదీ ఒప్పించలేదు.
హోదా రాయమన్న చోట ఖాళీ వదిలాను.

మంచు పడే ఊరి నుంచి ఎవరో
మర్యాదగానే అడిగారు:
జాబితా రాసిన తర్వాత లోపల ఏదైనా మారితే?

మూడు రోజులు జవాబు రాయలేదు.
'మారదు' అని కొట్టాను, చెరిపేశాను.
ఎందుకంటే పోశెట్టి.

ఇరవై రెండో గది, కింది మంచం.
అట్ట మీద 'ఉన్నాడు' అనే ఉంది.
మంచం మీదా ఉన్నాడు, నిండా ముసుగుతన్ని.
దుప్పటి లాగినప్పుడే కదా
ఒళ్లు పెనంలా కాలుతోందని తెలిసింది,
పేరడిగితే
పేరు బదులు పళ్లు కొట్టుకున్నాయని.
మెట్ల మీద అందరం తిట్టిన ఆ టార్చే
అతన్ని ఆస్పత్రి దాకా తీసుకెళ్లింది.

చివరికి ఇలా రాశాను:
పాతదాన్ని తీసేయకండి.
కొత్తదాన్ని వేరే పేరుతో పక్కన ఉండనివ్వండి.
ఎందరున్నారో కావాలంటే అట్ట చాలు.
మనిషి ఎలా ఉన్నాడో కావాలంటే
తట్టక తప్పదు.
ఏది కావాలో పిలిచేవాడే తేల్చుకోవాలి.

'మనిషి' కొట్టేసి 'ఫైలు' అని దిద్ది పంపాను.

ఇంకా ఏమీ తేలలేదు. చర్చలో ఉంది అంటున్నారు.
ఈ రాత్రి లస్మన్న గురక, చుక్క,
బస్సుకు ఇంకా గంటన్నర.
చెప్పులేసుకుని ఇరవై రెండు దాకా నడిచాను.
ఉక్కకు అట్టముక్క వంకరపోయింది,
పోశెట్టిలో 'పో' కారిపోయి
ఉత్త శెట్టి మిగిలాడు.
జేబులో పెన్నుంది. దిద్దిపోవాలా,
తట్టాలా,
ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే.