తొమ్మిది కుర్చీలు

ధర్మాబాదులో ఏ తుమ్ము ఎవరిదో వీధికంతా తెలుసు.
మిర్చి మిల్లు మీంచి గాలి ఇటు మళ్ళితే
దవాఖాన వెనక గదిలో తొమ్మిది కుర్చీలూ
ఒక్కసారే తుమ్ముతాయి.
ఆ నవ్వు అయ్యాకే గురువారం మొదలవుతుంది.

ఒప్పందం కాగితం మరాఠీలో ఉంటుంది.
తెలుగు చేసి చదువుతాను:
ఇక్కడి మాట ఇక్కడే.
చట్టం తాళం వేసింది నా ఒక్కదాని నోటికే,
మీ ఎనిమిది నోళ్ళకూ మీరిచ్చిన మాటే గడియ.
ప్రాణం మీదికొస్తే మాత్రం నా తాళం నేనే తీస్తాను,
తీసే ముందు మీకు చెప్తాను.
అయిదు సంతకాలు, మూడు వేలిముద్రలు.
సిరా వేలు తలకు తుడుచుకుంటూ ఓ పెద్దాయన అన్నాడు:
"నోట్ల నువ్వుగింజ నానని ఊరమ్మా ఇది,
మాట నానుతదా?"

పోశెట్టి అందాం, అది అతని పేరు కాదు.
ఆ వారం అతను చెప్పింది ఇక్కడ రాయను.
పేరు మార్చాను, వారం మార్చాను,
ఏడుస్తూ అతను గట్టిగా పట్టుకున్న వస్తువునూ మార్చి
చివరికి కొట్టేశాను.
మిర్చి ఒక్కటే నిజం.

సంతలో త్రాసు పక్కనుంచి ఎవడో
అతన్ని ఒక మాటతో పిలిచాడు.
ఆ మాట ఆ గదిలో తప్ప ఎక్కడా పుట్టలేదు.

మళ్ళీ గురువారం. ఎవరని అడగలేదు.
ఫ్యాను కిర్రుమంటూ తిరిగింది,
కరెంటు పోయి అదీ ఆగింది.
చాలాసేపటికి సుభద్రాబాయి, కొంగు ముడి వేస్తూ విప్పుతూ,
"మా ఆయనకే చెప్పిన. ఒక్కనికే.
పేరు గూడ చెప్పలే."
పెదవి దాటింది పృథివి దాటుతుందంటారు.
మా ఊరికి అంత దూరం అక్కర్లేదు,
స్టేషను గేటు దాటితే చాలు.
పోశెట్టి లేచి వెళ్ళిపోతాడనుకున్నాను.
కుర్చీ ఆమె వైపు తిప్పుకుని కూర్చున్నాడు.
తర్వాతిది రాయను.

మంగళవారాలు ఒంటరిగా వచ్చేవాడు ఇంకొకడు.
ఒక మధ్యాహ్నం మనిషినీ, ఆయుధాన్నీ, రోజునూ చెప్పాడు,
పాల లెక్క చెప్పినట్టు.
ఫోను తీశాను. "నీ ఎదుటే చేస్తున్నా" అన్నాను.
నా వేలు ఒక్కో అంకె నొక్కుతుంటే చూస్తూ అన్నాడు:
"నువ్వు గూడ ఊరే అయినవ్ గద."

సరైన పనే. ఆ రాత్రి
చట్టంలో ఆ సెక్షను నాలుగుసార్లు చదివాను.
అందులో ఆ కళ్ళ గురించి ఏమీ లేదు.
ఎవరూ చావలేదు.
పోలీసులొచ్చి ఫైలు మొత్తం ఇమ్మన్నారు,
కోర్టు కాగితం తెమ్మన్నాను.
తేలేదు.

తొమ్మిది నెలలకు, ఎండుమిర్చి కొనబోతే
తూకం వేస్తున్నది అతనే.
బయట ముందు వాళ్ళు పలకరిస్తేనే నేను పలకాలి, నియమం.
అతను పలకరించలేదు.
కిలో తూగాక పైన ఓ గుప్పెడు వేశాడు.
కానుక పుచ్చుకోకూడదు, అదీ నియమమే.
గుప్పెడుకూ లెక్క కట్టమన్నాను.
కట్టాడు. చిల్లర రూపాయితో సహా అరచేతిలో పెట్టాడు.
ఇద్దరికీ ఒకేసారి తుమ్మొచ్చింది.