పరపతి

శుక్రవారం పొద్దున్నే హుబ్లీ నుంచి ఫోను.
"మీ బిల్లు రాలేదు. పైసలు ఎట్ల వేసేది?"
పంపిన, అని నేను.
రాలేదు, అని ఆయన.
ఇద్దరం నిజమే చెప్పినం.

నారాయణపేట చేనేత సంఘంల
కంప్యూటరు నాది, కుర్చీ అంబాదాస్ తాతది.
మగ్గం గుంటలకెల్లి లేచొచ్చి ఆయన కూసుంటడు,
నేను నిలబడి టైపు చేస్త.
దీపావళి ముందట
ఎవరో అమ్మజూపిన పదకొండు వేల చిరునామాలు కొని
ఒక్క రాత్రిల అందరికీ తగ్గింపు ధరలు పంపింది నేనే.
పంపినవారు అన్న చోట సంఘం పేరు.
బిల్లులు పోయే పేరు.
నూలుకు ఇండెంటు పోయే, బ్యాంకుకు జవాబు పోయే
ఒకే ఒక్క పేరు.

ఎవరో స్పామ్ అని నొక్కిండ్రు.
ఇంకెవరో నొక్కిండ్రు.
ఒక్క దుకాణంల ఉద్దెర ఎగ్గొడితే
బజారంతా తెలిసినట్టు
ఆ రాత్రి నుంచి మా రసీదులు గూడ
చెత్తబుట్ట పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డయి.

తాతకు చెప్పబోయిన:
డొమైన్ అంటే పేరు,
ఆ పేరుకు వాళ్లు లోపల్లోపల మార్కులేస్తరు,
మార్కులు పడిపోతే...
"పరపతి," అన్నడు తాత.
"పక్క సందుల రైతుల సంఘం బోర్డు మీద
రోజూ చూస్తవు గద, ఆ మాటనే."

సోలాపూర్‌ల పని నేర్చొచ్చిన ధనుంజయ అన్నడు:
"కొత్త పేరు కొందాం, ఎనిమిది వందలే.
సంఘం పేరే, నడుమ ఒక్క అక్షరం ఎక్కువ.
చెడితే పారేసి ఇంకోటి."
తాత చాలాసేపు పలకలేదు.
బీరువాలకెల్లి ఒక చీర తీసిండు.
మా గళ్లే. మా అంచే. మా కుంకుమ ఎరుపే.
తిప్పి వెనక పక్క చూపిండు. మరమగ్గం.
"దీనికి గూడ
నడుమ ఒక్క అక్షరమే ఎక్కువ."

రాత్రి కూసోని ఇంకో తోవ దొరికిచ్చుకున్న.
ఇల్లు అదే, పక్కకు చిన్న వాకిలి:
సంఘం పేరు ముందట ఒక మాట, ఒక చుక్క.
కబురు, చుక్క, సంఘం.
పండుగ మాటలు చిన్న వాకిట్లకెల్లి,
బిల్లులు పెద్ద వాకిట్లకెల్లి.
చిన్న దాని ముందర బురదైతే
పెద్ద గడపకు అంటనే అంటదని కాదు.
ఇల్లు ఒక్కటే గద.
కడుక్కునేటందుకు జర సమయం దొరుకుతది, అంతే.
మా తరఫున ఎవరు పంపొచ్చునో,
మా సంతకం ఎట్లుంటదో,
దొంగ సంతకమొస్తే ఏం చెయ్యాల్నో,
మూడు ముక్కలు రాసిపెట్టిన.
ఒకటి తప్పు పోయింది. మళ్ల రాసిన.

తెల్లారి వేయి మందికి ఒక్కసారే కొట్టబోతుంటే
తాత నా చెయ్యి పట్టుకుండు:
"గంజి ఆరిందా?"
తడి పడుగు మగ్గమెక్కిస్తే
ఎనిమిది చీరల పొడుగూ పుట్టుకు పుట్టుకు తెగుతది.
సరే, మొదటి రోజు ఇరవై మంది.
మూడో రోజు నలభై.
కొన్న పదకొండు వేలు చెరిపేసి
రసీదు పుస్తకాల కార్బన్ మరకల నుంచి
చిరునామా తమ చేత్తో రాసిచ్చినోళ్లను ఏరినం.
మూడు వందల పన్నెండు.
ఇంత బక్క జాబితా చూసి నాకు సిగ్గైంది.
తాత మాత్రం ఒక్కో పేరు కాడ ఆగి
కొన్న చీర రంగు చెప్తుండు.

పది రోజులకు ధార్వాడ నుంచి ఒకామె:
"నీలిది రంగు దిగింది. మళ్లెప్పుడు నేస్తరు?"
తిట్టిందో అడిగిందో తెల్వలే.
చదివిందని తెలిసింది.
ఇంకొకాయన: "నాకు పంపకుండ్రి."
"ఇయ్యాల్నే కొట్టెయ్," అన్నడు తాత,
"వద్దన్న ఇంటి ముందర మూట విప్పొద్దు."

హుబ్లీ బిల్లు మాత్రం
రబ్బరు ముద్ర కొట్టి, స్టాంపు అంటించి
టపాలనే పంపినం.
పెద్ద పేరు ఇంకా పత్యం మీదనే ఉంది.