మూడు వందల గీత

వాన మామూలుగానే పడింది.
ఏప్రిల్ ఆఖరు. మంచు ఇంకా మోకాలి లోతు.
నాన్న టోపీ తీసి జుట్టు తడుపుకున్నాడు కూడా,
చలి వదిలినట్టే, అంటూ.
వెయ్యిన్నర కిలోమీటర్ల అవతల
ఏదో పైకప్పు ఎగిరిపోయిందని
రేడియో తర్వాత చెప్పింది.

రాతిపువ్వుకి వేర్లుండవు.
ఆకాశం ఏం పోస్తే అదే తాగుతుంది.
రెయిన్‌డీర్లు దాన్ని తింటాయి,
మేం వాటిని తింటాం.
ఇంతే లెక్క. ఇందులో మా తప్పేమీ లేదు.

ఆ ఏడు కోతల దొడ్డికి
స్టాక్‌హోమ్ నుంచి హెగ్‌బ్లూమ్ అనే ఆయన
ఒక పెట్టె పట్టుకొచ్చాడు.
మెత్తటి మనిషి. ఆయన బూట్లు మా బురదకి ఆగలేదు.
మూడు వందలు దాటితే తినకూడదన్నాడు,
ఏవో బెక్వెరెల్లట.
మొదటిదానికే పదకొండు వేలు.
పెట్టె చెడిపోయిందనుకుని ఆంతె మామయ్య నవ్వాడు.

నాకప్పుడు పదకొండేళ్లు. చేతికి కుంచె ఇచ్చారు.
గీత దాటినవాటికి నీలం పూయాలి,
పొరపాటున ఎవరి కుండలోకీ పోకుండా.
సాయంత్రానికి మోచేతులదాకా నీలమే.
రంగూ రుచీ వాసనా లేనిదానికి
రంగు వేసింది నేనే.

చంపినదాన్ని పారెయ్యడం
సామీ చేతికి రాని పని.
ఆ ఏడు నేర్చుకున్నాం.

రిస్తిన్ అవ్వ ఆయన్ని కూర్చోబెట్టి అడిగింది:
"ఇది తింటే ఎన్నాళ్లకి చస్తాను?"
"దీనివల్ల బహుశా చావరు."
"అయితే తినొచ్చా?"
"కూడదు."
అవ్వ ఇంకేం అనలేదు.
కాఫీలో జున్నుముక్క వేసి ఆయన ముందు పెట్టింది.

మరుసటి ఏడు గీత జరిగింది.
మూడు వందలు కాస్తా పదిహేను వందలు.
పూడ్చిపెట్టిన మాంసంలో కొంత
గోతిలో ఉండగానే భోజనమైపోయింది.

ఇప్పటికీ వచ్చి అడుగుతారు,
నిజంగా ఎంత ప్రమాదం, ఎంతమంది పోయారు, అని.
మా లోయలో ఎవరూ పోలేదు. రాసుకోండి.
అవ్వ తొంభై ఒకటో ఏట నిద్రలో పోయింది.
మామయ్యది సిగరెట్ల చావు. డాక్టర్లు అలాగే అన్నారు,
నేనూ అలాగే అంటాను, చాలా రోజులు.

ఇదీ రాసుకోండి మరి:
అమ్మ ఆ తర్వాత అడవిలో పళ్లు ఏరలేదు.
నెత్తురుతో అవ్వ వేసే అట్లు
నాకు వెయ్యడం రాదు.
తమ్ముడు మందనమ్మి ఇనుప గనిలో దిగాడు,
అక్కడ కొలిచేవి కనపడతాయట.

ముప్పై ఏళ్లకి సగమవుతుందన్నాడు హెగ్‌బ్లూమ్.
అయింది. ఆయనా లేడు.
పెట్టె ఇప్పుడు నా దగ్గరుంది, కొత్తది, అరచేతంత.
నిన్న కోసినదానికి నూట నలభై చూపించింది.
పాత గీతకి కూడా ఇటువైపే.
వండాను. తిన్నాను. బాగుంది.

తినేముందు మాత్రం చేతులు కడుక్కున్నాను,
మోచేతులదాకా,
రెండుసార్లు.